బండిలో రాత్రి బస

ప్రయాణము చేయువానికి పగలంతయు త్రోవయే ఇల్లు. ప్రొద్దు క్రుంకినతోడనే అతనికి వేఱొక ఇల్లు కావలెను. సత్రము గాని, బంధువుల గృహము గాని దొరకనిచోట మన పూర్వులు తమ బండిలోనే పండుకొనెడివారు. నేటివారు మోటారుబండి వెనుకభాగమునందలి ఆసనములను మడిచి, ఆ తావున పరుపు పఱచుకొని పండుకొనుచున్నారు. ఇది పైకి మిక్కిలి సులభమైన పనిగా కనబడును. కాని ఇందును నేర్వవలసిన విద్య యొకటి గలదు. దానిని నేర్వక మేము చేసిన పొరపాటును, నేర్చిన పిదప కలిగిన మేలును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇట్లు వ్రాయుటకు ఒక కారణము గలదు. ఈ సంవత్సరము జరిగిన తలిదండ్రుల సమావేశమునందు ఒక తల్లి లేచి, "అయ్యవారూ, మా పిల్లవాడు కారులో పండుకొన్న రాత్రి నాకు కన్ను మూతపడలేదు. ఈ యేడు వానిని పంపవలెనా వద్దా, మీరే చెప్పండి" అని యడిగెను. ఆ దినమున మేము తగిన ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఇదియే మా ప్రత్యుత్తరము.

మన సీమలో బండినిద్ర క్రొత్తది కాదు. కర్నూలు, కడప ప్రాంతములలో వేసవి యెండ 40 డిగ్రీలను దాటుట సామాన్యము. అందుచే మన తాతలు దూరప్రయాణములను రాత్రివేళనే చేసెడివారు. సాయంకాలము భోజనము ముగించి, గూడుబండిలో వరిగడ్డిని మందముగా పఱచి, దానిపై జంపఖానా వేసి, పిల్లలను నడుమ పండుకొనబెట్టి బయలుదేరెడివారు. బండిక్రింద లాంతరు వ్రేలాడుచుండెడిది. ఎద్దులు గంటకు రెండు మైళ్లు నడచినను తెల్లవారునప్పటికి రెండామడల త్రోవ గడచెడిది. వెదురుబద్దలపై చాప కప్పిన ఆ గూటికి ముందును తలుపు లేదు, వెనుకను తలుపు లేదు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మనకు మున్ముందు పని గలదు.

బసయొక్క మంచిచెడ్డలు ప్రాణముతో కూడిన వనుటకు మన జిల్లాలలోనే గొప్ప నిదర్శనము గలదు. 1800 సంవత్సరమున దత్తమండలములు కుంఫిణీవారి వశమైనప్పుడు థామస్ మన్రోగారు ఈ ప్రాంతమునకు ప్రధాన కలెక్టరుగా వచ్చిరి. 1807 వఱకు ఆయన ఊరూరు తిరుగుచు, కాలమును చాలవఱకు గుడారములలోనే గడపిరి. అట్టి అనుభవశాలి, పిదప చెన్నపట్టణమునకు గవర్నరై, తుదిసారిగా ఈ మండలములను చూడవచ్చినప్పుడు విడిదిలో కలరా వ్యాపించెను. 1827 జూలై 6వ తేదీన, నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండయొద్ద ఆయన ఆ వ్యాధిచేతనే మరణించిరి. ఎండకును వానకును వెఱవనివానిని విడిదిలో వ్యాపించిన వ్యాధి గొనిపోయినది.

మూడు సంవత్సరముల పిదప, 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా ఉత్తరమునకు పోయిరి. 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. ప్రతి మజిలీయందును బసకు తావు ఎట్టిది, నీరు ఎట్టిది, ఏ వస్తువులు దొరకును అను సంగతులను ఆయన శ్రద్ధతో గమనించిరి. మన సీమలో 1822లో కడపయందు లండన్ మిషను పని ప్రారంభమైన పిదప వచ్చిన మిషనరీలును చలికాలమునందు గుడారములను బండ్లపై వేసికొని పల్లెలు తిరిగెడివారు. వీరందఱును ఎఱిగిన సత్య మేమనగా, రాత్రి బస కేవలము అలసట తీర్చుకొను చోటు కాదు, పూర్వమే ఆలోచించి యేర్పఱచుకొనవలసిన చోటు.

ఇక మోటారుబండి సంగతి. స్టేషన్ వాగన్ అను పేరు అమెరికాలో పుట్టినది. రైలుస్టేషనులో దిగిన ప్రయాణికులను వారి పెట్టెలతో సహా ఇండ్లకు చేర్చు బండ్లకు ఆ పేరు కలిగినది. తొలుత వాని వెనుకభాగము కఱ్ఱతో చేయబడెడిది. 1929లో ఫోర్డు కంపెనీవారు తమ మోడల్ ఏ కారునందు ఈ జాతి బండిని తామే తయారుచేసి యమ్మసాగిరి. 1946లో విల్లీస్ కంపెనీవారు అంతయు ఉక్కుతో చేసిన జీపు వాగనును వెలువరించిరి. మన దేశమున 1992లో టాటావారి ఎస్టేట్ అను వాగను వచ్చినది. నేడు మన పల్లెత్రోవలలో తిరుగు జీపులును, వెనుక తలుపు పైకి లేచు పెద్దకార్లును ఈ కుటుంబములోనివే. వెనుక ఆసనములను మడిచినచో నిద్రించుటకు తగిన తావు ఏర్పడుటయే వీని సుగుణము.

అయితే కఱ్ఱ పోయి ఉక్కు వచ్చినప్పుడు, చాప పోయి అద్దము వచ్చినప్పుడు, గూడుబండికిని మోటారుబండికిని ఒక గొప్ప భేద మేర్పడినది. గూడుబండిలో గాలి తానే వచ్చి పోవుచుండెడిది. మోటారుబండిలోనికి మనము రానిచ్చినగాని గాలి రాదు. ఈ భేదమును మేము గండికోటయందు కష్టపడి తెలిసికొంటిమి.

ముందటి యేడు దసరా సెలవులలో ఇరువదిమందికి పైగా విద్యార్థులతో జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయితిమి. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించు ఆ లోయను పిల్లలు సాయంకాలము కన్నులార చూచిరి. కోట వెలుపల బస చేయు మైదానమునందు గుడారములు వేయునప్పుడు ఒక గుడారపు కఱ్ఱ విఱిగినది. చోటు చాలనందున ముగ్గురు బాలురును మేమును మాతో వచ్చిన వాగను వెనుకభాగమున పండుకొంటిమి. దోమలకు వెఱచి, కోతులకు వెఱచి, దొంగలకును వెఱచి నాలుగు అద్దములను పైవఱకు ఎత్తివేయుమని చెప్పినవారము మేమే. కొంతసేపటికి ఉక్క పుట్టినది. డ్రైవరు, "ఇంజను వేసి ఏసీ పెడతాను సార్, హాయిగా పండుకోండి" అనెను. మేము సరే యంటిమి. అరగంటసేపు చల్లగా నుండెను. పిదప డ్రైవరే డీజిలు తక్కువగా నున్నదనియు, బంకు జమ్మలమడుగులోగాని లేదనియు చెప్పి ఇంజను ఆపివేసెను. మేము కొంత విసుగుకొని నిద్రపోతిమి.

తెల్లవారి లేచునప్పటికి అద్దములన్నిటిమీదను లోపలివైపున నీరు కారుచుండెను. దుప్పట్లు తడిసియుండెను. తల బరువుగా నుండెను. బాలురలో ఒకడు క్రిందికి దిగి రెండుమార్లు వాంతి చేసికొనెను. ముందటి రాత్రి తిన్న బజ్జీలు పడలేదని తలచి మేము ఆ సంగతిని విడిచిపెట్టితిమి.

ఇంటికి వచ్చిన పిదప మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయినితో ఈ ముచ్చట చెప్పితిమి. ఆమె, "కిటికీలు ఎంత తెఱచితిరి?" అని యడిగిరి. తెఱవలేదంటిమి. "ఇంజను రాత్రియంతయు నడచెనా?" అని యడిగిరి. డీజిలు లేనందున అరగంటలోనే ఆపితిమంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప నల్లబల్లమీద లెక్క వేసి చూపిరి. ఆ లెక్కలను చదువరులకును చూపుచున్నాము.

ఒక వాగను లోపలి చోటు సుమారు నాలుగు ఘనమీటర్లు, అనగా 4000 లీటర్ల గాలి. నిద్రించు మనుష్యుడు గంటకు సుమారు 12 లీటర్ల బొగ్గుపులుసు వాయువును విడుచును. నలుగురు విడుచునది 48 లీటర్లు. అద్దము లన్నియు బిగువుగా మూసియుండి, సందులగుండ గాలి కొంచెమును రానిచో, ఒక్క గంటలోనే లోపలిగాలిలో నూటికి ఒక పాలునకు మించి ఈ వాయువు చేరును. బయటిగాలిలో నుండునది పదివేలకు నాలుగు పాళ్లు మాత్రమే. కనుక గంటలో ఇది ముప్పదిరెట్లగును. బండికి ఎచ్చటనో సందులుండుటచే లెక్కప్రకారము అంత చేరదు. అయినను తల బరువెక్కుటకును, నిద్ర చెడుటకును, లేచునప్పటికి ఒడలు బడలియుండుటకును చేరినది చాలును. ఇది మొదటి శత్రువు.

ఇక అద్దములమీది నీరు. మనుష్యుడు రాత్రి విడుచు ఊపిరివెంట సుమారు పావులీటరు నీరు ఆవిరిగా వెలువడును. నలుగురివలన ఒక లీటరు, అనగా ఒక పెద్దచెంబెడు నీరు. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి అద్దము త్వరగా చల్లబడును. ఆ చల్లని అద్దమునకు తగిలి ఆవిరి నీరగును. కాబట్టి ఉదయమున అద్దములు తడిసియున్న యెడల మంచు కురిసినదని తలపరాదు, గాలి చాలలేదని తెలిసికొనవలెను. దీనికి ఖర్చు లేని మందు గలదు. ఎదురెదురుగా నున్న రెండు కిటికీలను నాలుగేసి వ్రేళ్ల మందము తెఱచియుంచిన చాలును. ఒక్క కిటికీ తెఱచిన గాలి లోపలికి వచ్చుటకే వెనుకాడును. రెండు తెఱచిన ఒకదాన వచ్చి మఱియొకదాన పోవును. గూడుబండి ముందువెనుకల తెఱపియే ఇది.

రెండవ శత్రువు మొదటిదానికంటె మిక్కిలి క్రూరమైనది. ఇంజనులో నూనె మండునప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. పెట్రోలు ఇంజనునందు ఇది హెచ్చు, డీజిలు ఇంజనునందు తక్కువ, కాని రెండింటను గలదు. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసికొనిపోయి ఒడలంతటికిని పంచును. ఈ వాయువు హిమోగ్లోబిన్‌తో ప్రాణవాయువుకంటె రెండువందలరెట్లకు పైగా గట్టిగా అంటుకొనును. ఒకమారు అంటుకొన్నచో ప్రాణవాయువునకు చోటుండదు. తలనొప్పి, వాంతి, మత్తు దీని గుఱుతులు. మేలుకొనియున్నవాడు ఇదేమో యని బయటికి వచ్చును. నిద్రించువాడు లేవనే లేవడు.

నడచుచున్న బండిలో పొగ వెనుకకు పోవును. నిలిచియున్న బండిలో అట్లు కాదు. పొగగొట్టము వెనుక గట్టు గాని, పొద గాని, గోడ గాని యున్నచో పొగ బండిక్రిందనే క్రమ్ముకొని, నేలలోని సందులగుండ లోపలికి ప్రాకును. వెనుక తలుపు కొంచెము తెఱచియున్నచో ఇంకను సులభముగా వచ్చును. కాబట్టి మేము ఇప్పుడు పాటించు కట్టుబాటు ఇది: ఇంజను ఆగి, తాళపుచెవి పెద్దవారి చేతికి రానిదే బండిలో ఎవ్వరును కన్ను మూయరాదు. బొగ్గుల కుంపటిని గాని, వెలుగుచున్న పొయ్యిని గాని చలికాచుకొనుటకు బండిలోనికి తేరాదు, గుడారములోనికిని తేరాదు, ఏలయన ఆ బొగ్గులనుండియు ఇదే వాయువు వెలువడును. ఎవరైనను మత్తుగా నున్నట్లు తోచినచో తక్షణమే బయటి గాలిలోనికి తెచ్చి 108కి ఫోను చేయవలెను.

నాటిరాత్రి మమ్ము కాపాడినది మా జ్ఞానము కాదు, డీజిలు కొఱత. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. అయినను వ్రాయక తప్పదు.

మూడవ శత్రువు ఎండ. మన సీమలో తెల్లవారిన తర్వాత ఎండ త్వరగా ముదురును. మూసియున్న బండి ఎండలో నిలిచినచో పది నిమిషములలో లోపలి వేడిమి సుమారు 10 డిగ్రీలును, గంటలో సుమారు 20 డిగ్రీలును పెరుగును. బయట 35 డిగ్రీలున్నప్పుడు లోపల 55 డిగ్రీలగును. అద్దము కొంచెము తెఱచినంతమాత్రమున ఈ వేడిమి తగినంత తగ్గదు. కనుక నిద్రించుచున్న చిన్నవానిని, కొంచెముసేపే గదా యని, బండిలో విడిచి పెద్దలు స్నానమునకు పోరాదు. బండిని నిలుపునప్పుడే మఱునాటి సూర్యుడు ఏ దిక్కున లేచునో చూచుకొని, తూర్పున చెట్టు గాని గుట్ట గాని అడ్డముండునట్లు నిలుపవలెను.

దీనికి చేరిన సంగతి మఱియొకటి గలదు. పెక్కు బండ్లలో వెనుక తలుపు లోపలినుండి తెఱచుకొనదు. ప్రక్క తలుపులకును పిల్లలు తెఱవకుండుటకై ఒక గడియ యుండును. పగలు అది రక్షణమే, రాత్రి అదియే బంధనము. పండుకొనుటకు ముందు ఆ గడియను తీసి, ప్రతి బాలునిచేతను చీకటిలో ఒకమారు తలుపు తెఱిపించి, బయటికి దింపి, మరల ఎక్కించుట మా వాడుక. పిల్లలు దీనిని ఆటగా తలంతురు. ఆటగానే నేర్వనిండు.

బస చేయు చోటునుగూర్చి కొంత చెప్పవలెను. మన వంకలును వాగులును సంవత్సరములో చాలభాగము ఎండి, తెల్లని ఇసుకతో పరుపువలె కనబడును. క్రొత్తవానికి అంతకంటె మంచి చోటు లేదనిపించును. కాని ఎగువ కొండలలో కురిసిన వాన అచ్చటివారికి మబ్బయినను కనబడకముందే వచ్చి పడగలదు. 2009 అక్టోబరు తొలిదినములలో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచివేసెను. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకొనిపోయెను. ఎండిన ఏఱును నమ్మరాదు. ఏటిగర్భమున గాని, వంక మలుపున గాని బండిని నిలుపరాదు.

నల్లరేగడి నేలయు బసకు తగదు. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములలో ఈ నేల విస్తారముగా గలదు. ఎండియున్నప్పుడు ఱాతివలె గట్టిగా నుండును. ఒక్క వాన కురిసిన చక్రములను పట్టుకొని విడువదు. నాపబండలపై నిలిపినచో బండి దిగబడదు గాని, పగలంతయు ఎండను త్రాగిన బండ రాత్రి చాలసేపటివఱకు వేడిని క్రక్కుచుండును. ఎఱ్ఱనేల గాని, గులకనేల గాని, కొంచెము మెరకగా నుండి గాలి యాడుచోటు అన్నిటికంటె మేలు. ఒంటిచెట్టు క్రింద నిలుపుట పిడుగుల కాలమునందు అపాయకరము. ఊరి ప్రక్కన నిలిపినచో ఊరి పెద్దలతో ముందుగా చెప్పవలెను. తెలియని బండి చీకటిలో నిలిచియున్నచో వారికి అనుమానము కలుగుట సహజము.

పడకనుగూర్చి మా తొమ్మిదవ తరగతివారు ఒక లెక్క వేసిరి. ఒక బండిలో ఆసనములు మడిచిన పిదప నేల పొడవు 160 సెంటీమీటర్లు, వెడల్పు 105 సెంటీమీటర్లు. 175 సెంటీమీటర్ల పొడగరి అందు కాళ్లు ముడుచుకొనక పండుకొనగలడా? నిలువున పట్టడు. కర్ణమును లెక్కించినచో 160 వర్గమును 105 వర్గమును కలిపి 36,625 అగును. దాని వర్గమూలము 191. మూలనుండి మూలకు అడ్డముగా పండుకొన్నయెడల, భుజముల వెడల్పునకు కొంత తీసివేసినను, ఒక్కనికి ఇంచుమించు చాలును. రేఖాగణిత మెందుకని యడుగు విద్యార్థులకు ఈ నిద్ర యొక సమాధానము. ఇట్లు పండుకొన్నచో ఆ బండి ఒక్కనికే. పిల్లలైనచో ఇద్దఱు నిలువున పట్టుదురు. నలుగురిని ఇఱికించుట మేము చేసిన తప్పులలో నొకటి.

బండి సమముగా నున్నదా లేదా యని తెలిసికొనుటకు పళ్లెములో నీరుపోసి నేలపై నుంచిన చాలును. కొంచెము వాలు తప్పనిచో తలవైపు ఎత్తుగా నుండవలెను. ఆసనముల సందులలో గుడ్డలు క్రుక్కి, పైన ప్రత్తిపరుపు గాని, రెండు బొంతలు గాని వేయవలెను. మార్గశిర పుష్యమాసములలో నేలనుండి చలి ప్రాకును గనుక పైకప్పుకొనుదానికంటె క్రింద పఱచుకొనునది మందముగా నుండవలెను. మన కంబళి ఇందుకు మిక్కిలి తగినది.

బండిలో పండుకొనుటవలని గొప్ప మేలు నేలకు ఎత్తుగా నుండుట. కట్లపాము రాత్రివేళ సంచరించును. నేలపై నిద్రించువారినే ఎక్కువగా కఱచును. కాటు నొప్పి చాల స్వల్పమగుటచే కఱచిన సంగతియైనను ఒక్కొక్కప్పుడు తెలియదు. తేళ్ల మాట చెప్పనక్కఱలేదు. బండిలో వీని భయము చాలవఱకు లేదు. అయితే చెప్పులను బయట విడువరాదు. ఉదయము దులుపక తొడుగరాదు. రాత్రి దిగవలసివచ్చినచో దీపము వేసి చూచికాని కాలు మోపరాదు. పాముకాటు అనుమానము కలిగినచో కట్లు కట్టుటకును మంత్రములకును కాలము వ్యయము చేయక నేరుగా ఆసుపత్రికి పోవలెను.

దోమలను సామాన్యముగా తలపరాదు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్‌గారు మలేరియాకు కారణమైన జీవిని దోమ కడుపులో కనుగొన్నది మన సికిందరాబాదునందే. కర్నూలు–కడప కాలువ ప్రక్కను, చెఱువుల యొద్దను సాయంకాలము దోమలు మూగును. దోమలకు వెఱచి కిటికీ మూయుట తప్పు, వెఱవక తెఱచియుంచుటయు తప్పు. కిటికీకి దోమతెర కట్టుట ఒప్పు.

త్రాగునీటిని ఇంటినుండియే తెచ్చుకొనవలెను, లేదా కాచి త్రాగవలెను. పత్తికొండను మఱవరాదు.

ఇన్ని జాగ్రత్తలు వహించి పండుకొన్నవానికి కలుగు ఫలమేమని యడుగవచ్చును. గత సంవత్సరము మేము బెలుం గుహలను చూడబోయి, ఆ రాత్రి రెండు కిటికీలు తెఱచి పండుకొంటిమి. పట్టణమున ఎన్నడును చూడనన్ని నక్షత్రములను పిల్లలు పడకనుండియే లెక్కింప బూనిరి. మేకలమంద మెడగంటలు దూరమునుండి వినవచ్చెను. రాత్రి చెవి పగటి కంటికంటె ఎక్కువ నేర్పునని మా నమ్మకము. 1848లో శాస్త్రజ్ఞుల కెఱుకపడిన కలివికోడి యను పక్షి 1900 పిదప కనబడక, నశించినదని అందఱును తలచియుండగా, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల ప్రాంతమున మరల కనబడినది. అది రాత్రి సంచరించు పక్షి. పగలు మాత్రమే వెదకిన వారికి అది దొరకలేదు. ఆ పక్షికై ఏర్పడిన అభయారణ్యములో అటవీశాఖవారి యనుమతి లేక రాత్రి నిలుచుట నేరమనియు మా విద్యార్థులు తెలిసికొనవలెను.

ఇక ఆ తల్లి ప్రశ్న. గండికోటలో వాంతి చేసికొన్న బాలుడు ఆమె కుమారుడే. ఆ సంగతి ఆమెకు తెలియదు. మేము నాడు చెప్పలేదు. ఈ వ్యాసమును అచ్చునకు పంపకముందు ఆమె యింటికి పోయి అంతయు చెప్పితిమి. ఆమె కుట్టుమిషను ఆపి విన్నది. కోపపడుననుకొంటిమి. చాలసేపటికి, "కిటికీ తెఱిస్తే దోమలు రావా అయ్యవారూ?" అని మాత్రము అడిగినది. తెర కట్టవలెనంటిమి. గత సంవత్సరము మేము కట్టినది పాత దోమతెర ముక్క. అది గాలికి మాటిమాటికి ఊడిపోయెడిది. ఆమె మఱునాడు పాఠశాలకు వచ్చి, బండి తలుపుల కొలతలు తీసికొనిపోయినది. వారము దినములకు నాలుగు తలుపులకును తొడుగులవలె ఎక్కించు దోమతెరలను, అంచున సాగుపట్టీ వేసి, కుట్టి పంపినది.

అవి ఇప్పుడు మా సామానుగదిలో మడతపెట్టి యున్నవి. తమ పిల్లలను పంపు తలిదండ్రులందఱును బయలుదేరుటకు ముందు మమ్ము నాలుగు ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము. ఇంజను ఆపి తాళపుచెవి ఎవరు పుచ్చుకొందురు? ఎదురెదురు కిటికీలు ఎంత తెఱతురు? లోపలినుండి తలుపు తీయుట పిల్లవానికి నేర్పితిరా? బండిని ఏ నేలపై నిలుపుదురు? వీనికి మేము తడబడక సమాధానము చెప్పినచో పంపుడు. తడబడినచో ఆ యేడు పంపకుడు.